కంచె పడని ఫోటో

నది ఎండిపోయి ఏళ్లు గడిచినా ఫోన్లలో మాత్రం నిండుగా పారుతూనే ఉంది. ఇప్పటి కెమెరాలన్నీ అంతే. ఎండిన చోట నీళ్లు నింపుతాయి, కంచె కనిపిస్తే తుడిచేసి అటూ ఇటూ ఉన్న మనుషుల్ని దగ్గరికి చేరుస్తాయి. వాటి దయ తగలెయ్య. మెక్సికో, అమెరికా సరిహద్దులో ఉన్నది ఉన్నట్టు పట్టుకునేది ఫోటోగ్రాఫర్ రమోనా మెడలోని పాత రీలు కెమెరా ఒక్కటే. ఆమె ఫోటోలు చూసి జనం మొహం చిట్లించేవారు, ఇంత దిగులుగా కల్పించడం ఎందుకని.

ఆ ఆదివారం కంచెకు ఇవతల ఒతీలియా, అవతల ఆమె కూతురు, నాలుగేళ్ల మనవరాలు ఇట్సెల్ నిలబడ్డారు. ఆ ఇనుప వలలోంచి చిటికెన వేలి కొస మాత్రమే దూరుతుంది. అమ్మమ్మ వేలు అందించింది. పిల్ల ముట్టుకోలేదు. రెండు చేతులూ పైకి చాచింది.

"ఎత్తుకో అమ్మమ్మా."

"ఎలాగమ్మా, అడ్డం ఉందిగా."

"ఫోటోల్లో ఎప్పుడూ ఎత్తుకుంటావుగా. ఇవాళ నా మీద కోపమా?"

ఒతీలియా పక్కనే ఉన్న రమోనా కెమెరాను కంటికి ఆనించింది. ఇన్నేళ్లుగా ఈ ఇసుకలో ఆమె పడిగాపులు కాసింది ఇలాంటి ఒక్క ఫోటో కోసమే.

"దాంతో వద్దమ్మాయ్," అంది ఒతీలియా, తన ఫోను అందిస్తూ. "దాంట్లో ఈ ఇనుమంతా పడుతుంది. పిల్ల ఇంటికెళ్లి చూసుకోవాలి, ఇందులో తియ్యి."

రమోనా తీసింది. తెరమీద నిండు నది ఒడ్డున, అమ్మమ్మ చంకనెక్కి పిల్ల విరగబడి నవ్వుతోంది.

కంచె అవతల ఆ పిల్ల ఇంకా చేతులు చాచే ఉంది.