నడుం పట్టేసిన మరమనిషి

ఆసుపత్రి లాండ్రీలో రంగమణికి జోడీగా మరమనిషిని పెట్టి మూడు నెలలైంది. దుప్పట్లు మడతపెట్టే వేళకి అది చల్లగా గోడకి చేరగిలబడి, "నడుం పట్టేసిందక్కా" అనేది. ఇనుప ముక్కకి నడుం నొప్పేమిటని ఒళ్లు మండి, ఆమె సూపర్‌వైజరు జకరయ్య దగ్గరికి వెళ్లింది.

"దీన్ని వెనక్కి పంపెయ్యండి సార్. పనంతా నా నెత్తినే పడుతోంది."

జకరయ్య ఇబ్బందిగా నవ్వాడు. "ఇవి పక్కవాళ్లని చూసే పని నేర్చుకుంటాయమ్మా. దీని పక్కన మీరు తప్ప ఇంకెవరూ లేరు."

రంగమణికి తల కొట్టేసినట్టయింది. నడుం పట్టేసిందన్న ఆ మాటే చెప్పి ఇరవయ్యేళ్లుగా ఎంతమందిచేత దుప్పట్లు మడతపెట్టించిందో ఆమెకే గుర్తులేదు. తిరిగొచ్చి, కొంగు బిగించి, ఒక్క మూలుగైనా లేకుండా నలభై దుప్పట్లు మడిచింది. మరమనిషి పక్కనే నిలబడి శ్రద్ధగా చూసింది.

"చూశావుగా, ఇక నువ్వు మడువు" అంది రంగమణి.

"ఇంకో నలభై మడువక్కా. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను."