వెనక నిలబడే మనిషి

పొద్దున ఏడింటి వార్తల్లో జనరల్ టొంగున్ తన పేరు విన్నాడు.

చేతిలో టీ గ్లాసు ఉంది. తాగలేదు, కింద పెట్టలేదు. సైన్యాధిపతిని మారుస్తూ అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు అది. ఒక్కటే వాక్యం, రెండు పేర్లు. ఆ దేశంలో ఇలాంటివి మనిషికి ముందుగా చెప్పరు. రేడియో చెబుతుంది. ఊరంతటితో పాటే ఆ మనిషీ వింటాడు.

ఇంకో పేరు జనరల్ లాకోది. ఆయన ఇల్లు గోడ అవతలే.

యుద్ధానికి ఇది ఐదో ఏడు. ఉత్తరాన పెద్ద పట్నం చేజారి నాలుగు రోజులైంది. అది ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుందని సైన్యంలో అందరూ అనుకుంటూనే ఉన్నారు.

వార్తలు ముగియకముందే గోడ అవతల కేకలు లేచాయి. ఆడవాళ్లు సంబరంగా నాలుకలాడిస్తూ కూతలు పెట్టారు. ఆ తర్వాత డప్పులు. ఎనిమిదయ్యేసరికి విందుకి ఎద్దును తోలుకొచ్చారు.

ఇటువైపు ఎవరూ రాలేదు.

కాసేపటికి అధ్యక్ష భవనం నుంచి ఫోన్ వచ్చింది. "పన్నెండింటికి కారు వస్తుంది. సిద్ధంగా ఉండండి. వెంట ఒకరిని తెచ్చుకోవచ్చు."

ఆ ఒకరి దగ్గరే వచ్చింది చిక్కు. టొంగున్ వాళ్ల ఊళ్లవైపు మనిషి పెద్ద గడప ముందుకు వెళ్తే, మంచికైనా చెడుకైనా, వెనక తనవాళ్లొకరు నిలబడాలి. ఒంటరిగా వెళ్లినవాణ్ని నా అన్నవాళ్లు లేనివాడంటారు. ఆ మాట టొంగున్ తండ్రి పడలేదు. తాత పడలేదు.

లోపల భార్య కేజి పిల్లల బట్టలు మూట కడుతోంది.

"పది గంటల బస్సుకి సరిహద్దు దాటిపోతాం. మా అక్క దగ్గరికి."

"పన్నెండు దాకా ఆగరాదూ? నా వెనక నిలబడి, ఆ తర్వాత..."

"నీ వెనక నేను నిలబడితే వీళ్ల వెనక ఎవరు నిలబడతారు?" అంది మూట బిగిస్తూ. "ముందు ముగ్గురు సైన్యాధిపతులూ ఏమయ్యారో చూశాం కదయ్యా. ఒకణ్ని హెలికాప్టర్ తినేసింది. ఒకణ్ని కాపలావాడే కాల్చాడు. మూడోవాడు జైల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో, కట్టుకున్నదానికే తెలీదు."

ఆమె ఏడవలేదు. నాలుగు కిస్రా జొన్నట్లు పోసి, పైన పళ్లెం బోర్లించి బయల్దేరింది. చిన్నకూతురు గేటు దగ్గర తిరిగి చూసింది. తల్లి దాని చెయ్యి పట్టుకుని లాగింది.

డ్రైవర్ సార్జంట్ లోరో కారు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"లోరో, పన్నెండింటికి నాతో వస్తావా?"

"మా అమ్మకి ఒంట్లో బాగాలేదు సార్. ఊరెళ్లాలి."

"మీ అమ్మ పోయి రెండేళ్లయింది కదరా. మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నా."

లోరో గుడ్డ పిండాడు. "అయితే మా అత్తకి, సార్."

పదకొండేళ్లు బండి నడిపినవాడు. తాళాలు బానెట్ మీద పెట్టి, సెల్యూట్ కొట్టి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది జాడా. ఇద్దరిదీ ఒకే ఊరు. అడవిలో ఒకే దుప్పటి కప్పుకున్న రోజులున్నాయి. టొంగున్ ఫోన్ చేశాడు.

"అయ్యో బావా, మలేరియా! మంచం దిగలేకపోతున్నా. లేకపోతే నేను రానా?"

"మందు వేసుకున్నావా?"

"వేసుకున్నా. చలి, ఒకటే వణుకు."

ఫోన్‌లో డప్పు వినబడింది. గోడ అవతల మోగేదీ అదే దరువు. టొంగున్ ఫోన్ చెవి దగ్గర నుంచి తీశాడు. మళ్లీ పెట్టాడు. తేడా లేదు.

"బాగా కప్పుకుని పడుకో బావా," అని పెట్టేశాడు.

పదకొండింటికి యూనిఫాం వేసుకున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. తిందామని పళ్లెం ఎత్తి, మళ్లీ బోర్లించాడు. వరండాలోకి వచ్చేసరికి గోడ మీద లాకో తల కనిపించింది. నుదుటిమీద చెమట, చేతిలో ఎముక.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు. ఈ హడావుడి నాది కాదు. మావాళ్లు ఆగడం లేదు."

"ఎందుకాగాలన్నా? చేసుకోనీ."

"ఎనిమిది నెలలుగా మా అమ్మ ఈరోజు కోసమే ఉపవాసాలుంది. నీ పేరు విన్నప్పుడు మాత్రం నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒట్టు."

"తెలుసన్నా."

"కాస్త మాంసం పంపించనా?"

"ఆకలిగా లేదు. అన్నా, నువ్వైనా నా వెనక..."

లాకో ముఖంలో నవ్వు ఆగిపోయింది. వెనక ఎవరో పిలిచినట్టు అటు తిరిగాడు. ఎవరూ పిలవలేదు. అయినా తల కిందికి దిగిపోయింది.

పన్నెండింటికి నల్లకారు వచ్చింది. అందులోని అధికారి ఖాళీ వాకిలి చూశాడు, ఖాళీ వరండా చూశాడు.

"తోడు ఎవరు సార్?"

"ఎవరూ లేరు. పద."

దారిలో జనం కారును గుర్తుపట్టి పక్కకు తప్పుకున్నారు. ఒక ముసలామె గుండెమీద శిలువ గుర్తు వేసుకుంది. నైలు వంతెన మీద కాపలా సిపాయిలు సెల్యూట్ కొట్టి, చూపు నీళ్లమీదికి తిప్పుకున్నారు.

భవనంలో పెద్ద హాలు. ఒకవైపు మంత్రులు, ఒకవైపు జనరల్స్. మధ్యలో టొంగున్‌ని నిలబెట్టారు. వెనక తనవాళ్లు నిలబడాల్సిన చోట నున్నటి గచ్చు మెరుస్తోంది. ఫోటోలు తీసేవాడు ఆ ఖాళీ కనబడకుండా పక్కకు జరిగాడు. టొంగున్ తండ్రిని తలుచుకుని మెడ నిటారుగా పెట్టాడు.

అధ్యక్షుడు లేచి వచ్చి, పొద్దున్నే లాకో ఇంటి నుంచి వెనక్కి తెప్పించిన సైన్యాధిపతి బెత్తాన్ని టొంగున్ చేతుల్లో పెట్టి, "ఇక దేశ సైన్యమంతా నీ వెనకే" అన్నాడు.