గంటసేపు కూర్చోబెట్టే వైద్యం

"మిమ్మల్ని ఇక్కడ ఎవరు కూర్చోమన్నారు?"

మనోవిశ్లేషణ డాక్టరు తన గదిలోంచి బయటికొచ్చి మరీ అడిగాడు. గది దాటి రావడమంటే ఆయనకు చిన్నతనం.

మాసిన చొక్కా పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

"ఎవరూ కూర్చోమనలేదండీ. నేనే వచ్చి కూర్చుంటున్నాను."

"అపాయింట్‌మెంటు ఉందా?"

"లేదండీ."

"జబ్బుందా?"

"లేదండీ."

"లేదనుకోవడమే మీ జబ్బు. లోపలికి రండి."

ఈ డాక్టరుగారికి సొంత సిద్ధాంతం ఒకటుంది. రోగిని పిలిచే ముందు గంటసేపు బయట ఒంటరిగా కూర్చోబెట్టాలి. అలా ఎదురుచూస్తే అహం మెత్తబడి, చిన్ననాడు అణచిపెట్టుకున్నదంతా మనసు అడుగునుంచి పైకి తేలుతుందట. ఆ గంటా ఆయన లోపల కాఫీ తాగుతూ పేపరు చదువుతాడు. దీనిమీద లావుపాటి పుస్తకం కూడా రాశాడు. చదివినవాళ్లు మాత్రం ఇంకా దొరకలేదు.

పెద్దాయన ఆ గంటకే ఎసరు పెట్టాడు. ప్రతి గురువారం వచ్చి, బయట కూర్చున్నవాళ్లతో కబుర్లు చెబుతున్నాడని రిసెప్షనిస్టు చెప్పింది.

"చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని వదిలేసి వెళ్లేదా?"

"లేదండీ. చంక దింపేది కాదు."

"అయితే ఆమె నుంచి పారిపోవాలనుకునేవారు."

"అబ్బే! మా అమ్మంటే నాకు ప్రాణమండీ."

"చూశారా, కోపాన్ని ఎంత లోతున పాతిపెట్టారో!"

అవునన్నా కాదన్నా గెలిచేది డాక్టరే. అలాంటి శాస్త్రం చేతిలో ఉంటే ఎవడికైనా కళ్లు నెత్తికెక్కుతాయి.

పెద్దాయన చేతులు జోడించాడు.

"మీ వైద్యానికి అడ్డు రానండీ. గురువారాలు ఒక టీచరమ్మ వస్తుంది. ఒక్కతే కూర్చుంటే ఆ పిల్లకి చచ్చిపోవాలనిపిస్తుందట. మీరు పిలిచేదాకా పక్కన ఉంటాను, అంతే."

"ఆ మాట నాకు చెప్పాలి. మీకెందుకు చెప్పింది?"

"ఏమోనండీ. నేను అడిగాను."

డాక్టరు మొహం మాడిపోయింది.

"ఇంకోసారి ఈ గడప తొక్కితే పోలీసుల్ని పిలుస్తాను."

తరవాతి గురువారం టీచరమ్మ వచ్చింది.

"ఆయన రాలేదా?" అని రిసెప్షనిస్టును అడిగింది. నలభై నిమిషాలు గోడ గడియారాన్ని చూస్తూ కూర్చుని, చెప్పకుండా వెళ్లిపోయింది.

"నిజం బయటపడుతుందని పారిపోయింది," అన్నాడు డాక్టరు సంబరంగా. "నా సిద్ధాంతం ఎప్పుడైనా తప్పిందా?"

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు.

"మా చెల్లి నిద్రమాత్రలు మింగిందండీ! ప్రాణం నిలబడింది గానీ, ఆసుపత్రిలో ఎవరితోనూ మాట్లాడటం లేదు. డాక్టరుగార్ని తీసుకురమ్మని మాత్రం అంటోంది."

డాక్టరు కోటు అందుకున్నాడు.

"పదండి."

"మీరు కాదండీ. బయట కుర్చీలో కూర్చుని మాట్లాడే పెద్ద డాక్టరుగారట. పాపం, బట్టలు కూడా మామూలుగా ఉంటాయట."

రిసెప్షనిస్టు తల వంచుకుంది. డాక్టరు చెయ్యి కోటు గుండీ దగ్గర ఆగిపోయింది.

"వాడు డాక్టరేమిటయ్యా! ఎవడో దారినపోయే దానయ్య. వాడి అడ్రసు మన దగ్గరెందుకుంటుంది?"

"ఉందండీ," అంది రిసెప్షనిస్టు. "ఆయన వెళ్తూ వెళ్తూ పేరు చెప్పాడు. ఎక్కడో చూసినట్టనిపించి పాత ఫైళ్లు తీశాను."

ఆమె బల్లమీద పెట్టిన ఫైలులో రోగి భర్త అన్నచోట పెద్దాయన పేరుంది. నాలుగేళ్ల కిందట ఆయన భార్య బయట ఈ కుర్చీల్లోనే ఒక్కతే కూర్చుని కూర్చుని, పిలుపు రాకముందే లేచి వెళ్లి, ఇంటికి చేరేలోపే ప్రాణం తీసుకుంది.