పట్టాయా హత్యకు ముగ్గురు సాక్షులు

"హంతకుడు హోటల్ వెనక సందులోంచే పారిపోయాడు. కావాలంటే నా మాట రాసిపెట్టుకోండి!" అని గ్రూపులో టైపు చేసి, ఫణిభూషణ్ గర్వంగా మీసం దువ్వుకున్నాడు.

ఆ గ్రూపు పేరు 'డిటెక్టివ్ అడ్డా'. పోయిన నెల ఒక సాయంత్రం థాయ్‌లాండ్‌లోని పట్టాయాలో ఎవరో పుణే టూరిస్టును హోటల్ గదిలో చంపేశారట. ఆ కేసు తేల్చడానికే పుట్టింది గ్రూపు. అందులో ఎవరికీ అసలు పేర్లుండవు, అడ్మిన్‌కు తప్ప ఎవరి నంబరూ కనిపించదు. అడ్మిన్ పేరు 'డేగకన్ను'. తెగ రాసే మరో ఇద్దరు 'నల్లపిల్లి', 'నిప్పురవ్వ'. ఎవరో పంపిన లింకు నొక్కి చేరిన ఫణిభూషణ్, వారం తిరక్కుండానే పెద్దరికం చేతిలోకి తీసుకున్నాడు.

పొద్దున లేస్తే అతను తుర్కపల్లిలోని మందుల ల్యాబులో తప్పులు పట్టే ఆఫీసరు. అక్కడ ఎలుక తుమ్మినా రిపోర్టు అడిగే రకం. అలాంటి మనిషికి, ఈ హత్య గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క కనిపించకపోతే అనుమానం రావాలా వద్దా? రాలేదు మహానుభావుడికి! పైగా, "వార్తే లేదంటే చూడండి, టూరిజం దెబ్బతింటుందని ఎంత గట్టిగా తొక్కేశారో!" అని గ్రూపుకు తనే పాఠం చెప్పాడు. నల్లపిల్లి చప్పట్లు కొట్టింది.

పోనీ అక్కడితో ఊరుకున్నాడా? ఊరుకుంటే ఫణిభూషణ్ ఎందుకవుతాడు!

"ఆ సందు మొదట్లో కొబ్బరిబోండాల బండి, దాని ఎదురుగా కాళ్లు పిసికే దుకాణం ఉంటాయి. అటునుంచి బీచి రెండడుగులే" అని కూడా వడ్డించాడు.

డేగకన్ను నుంచి వెంటనే జవాబొచ్చింది. "మేం పెట్టిన ఫొటోలో హోటల్ ముందు భాగమే ఉంది. వెనక సందు సంగతి మీకెలా తెలుసు?"

ఫణిభూషణ్ గబుక్కున తన మెసేజ్ చెరిపేశాడు.

"ఈయన అక్కడే ఉన్నాడు!" అంది నల్లపిల్లి. "అనుమానితుడు దొరికాడు!" అని ఎగిరి గంతేసింది నిప్పురవ్వ. డేగకన్ను తాపీగా తీర్పు చెప్పింది. "హత్య సమయంలో ఎక్కడున్నారో, ఎవరితో ఉన్నారో సాయంత్రంలోగా రుజువు చూపించండి. లేదంటే మీ నంబరు పోలీసులకు వెళ్తుంది. వాళ్లే మీ ఇంటికి వస్తారు."

పోలీసులంటే ఫణిభూషణ్‌కు భయం లేదు. చెయ్యని హత్యకు భయమెందుకు? అతని గుండె జారింది 'ఇంటికి వస్తారు' అన్న మాటకు. ఇంట్లో హరిచందన ఉంది. ఆమె లెక్కలో అతను పోయిన నెల వెళ్లింది వైజాగ్ ఆడిట్‌కు. పట్టాయా అని తెలిస్తే బౌరంపేట్ గేటెడ్ కమ్యూనిటీలో గేటు బయటే కాపురం!

బాల్కనీలోకి వెళ్లి, తనతో పాటు ఆఫీసు క్యాబులో వచ్చే మేడ్చల్ ధర్మేందర్‌కు ఫోన్ చేశాడు.

"ధర్మేందర్, కొంప మునిగిందయ్యా!"

సంగతంతా విని అటువైపు ధర్మేందర్ తల పట్టుకున్నాడు. "ఏందన్నా నువ్వు! నోరు మూస్కొని కూసోక గా గ్రూపుల నీకేం పని? నా పేరు మాత్రం జెప్పకు. మా అమూల్యకు శ్రీశైలం బోయిన్నని జెప్పిన. గండిమైసమ్మ చౌరస్త కాడ మిఠాయి దుకాణంల లడ్లు కొని, ప్రసాదమని ఇంటిల్లిపాదికి పంచిన! ఇగ మనతోని వచ్చిన ఆసిం భాయేమో ఆళ్లింట్ల అనం భాభీకి గుల్బర్గా దర్గా అని జెప్పిండు. మా పేర్లు దీస్తివో, మన దోస్తాన్ ఖతం!"

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే ఎదురుగా హరిచందన.

"ఏవండీ, ముఖం అలా పాలిపోయిందేంటి? మళ్లీ వైజాగ్ ఆడిటేమైనా పడిందా?"

"అబ్బే, లేదు లేదు!"

"అయితే కాసేపు పడుకోండి. నా స్నేహితురాళ్లు టీకి వస్తున్నారు" అంటూ ఆమె వెళ్లిపోయింది.

పడుకోవడమా? గదిలో తలుపేసుకుని చెమటలు కక్కాడు పాపం. దోస్తానా, కాపురమా? కాపురమే నెగ్గింది. డేగకన్నుకు విడిగా మెసేజ్ పెట్టాడు.

"నేను హంతకుణ్ని కాదు మొర్రో! అక్కడున్నన్నాళ్లూ ధర్మేందర్, ఆసింలతోనే తిరిగాను. హత్య జరిగిన సాయంత్రం ముగ్గురం సముద్రంలో మునకలేస్తున్నాం. ఇదిగో ఫొటో. మా ఆవిడ ఒట్టి అమాయకురాలు, వైజాగంటే నమ్మేసింది. ఆమెకు తెలియనివ్వకండి, మీకు దణ్ణం పెడతాను."

ఫొటోలో ముగ్గురూ పూల నిక్కర్లలో, తలా ఒక కొబ్బరిబోండంతో పళ్లికిలించి ఉన్నారు.

జవాబు వచ్చేదాకా గదిలో పచార్లు చేశాడు. "రుజువు పక్కాగా ఉంది. హత్యతో మీకు సంబంధం లేదు" అని వచ్చింది. అమ్మయ్య! బతికిపోయాననుకుని, ముఖం కడుక్కుని, టీ కోసం హాల్లోకి వచ్చాడు.

సోఫాలో హరిచందన. ఆమెకు అటు అమూల్య, ఇటు అనం. ముగ్గురి ఫోన్లలోనూ పూల నిక్కర్లు.

"అన్నా, శ్రీశైలంల సముద్రం ఎన్నడు పుట్టింది?" అంది అమూల్య. "మా ఆయన నిద్రల పట్టాయా పట్టాయా అని, గా హోటల్ పేరు గూడ కలవరిస్తేనే అనుకున్న."

"గుల్బర్గాల గిసొంటి నిక్కర్లేసుకొని తిరుగుతరా భాయ్ సాబ్?" అంది అనం.

ఫణిభూషణ్ గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అంటే... డేగకన్ను... మీరు ముగ్గురేనా? మరి ఆ హత్య?"

హరిచందన టీ కప్పు నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"అదింకా జరగలేదండీ. మిగతా ఇద్దర్నీ కూడా రానివ్వండి."