ఇసుక సంచి

రాతలో తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను కాబట్టి కథ కూడా చిన్నదే.

"మగాళ్లకైతే చేతి నుంచి, మాకైతే గజ్జల్లోంచా? ఏం, మాకు చేతుల్లేవా?"

ఆ గొంతు తెర వెనక నుంచి వచ్చింది.

ఆడవాళ్ల గుండె వార్డు అది. రెండు మంచాలకు మధ్య ఆకుపచ్చ తెర. ఇవతలి మంచం మీద అమ్మ పడుకుని ఉంది. పక్కన కూతురు.

పొద్దున్నే అమ్మ గజ్జ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గుండెలో పూడుకుపోయిన దారి తెరిచారు. ఆ గాటు మీద బరువుగా ఇసుక సంచి పెట్టారు. తెర అవతలి ఆవిడకీ అంతే.

"సంచి తీస్తే ప్రాణం మీదికొస్తుంది. కాలు మడవకూడదు. మంచం దిగనే కూడదు," అని నర్సు ఇద్దరికీ గట్టిగా చెప్పి వెళ్లింది.

తెర అవతల డాక్టరు విసుక్కుంటున్నాడు.

"ఆడవాళ్ల మణికట్టులో రక్తనాళం సన్నంగా ఉంటుందమ్మా. గొట్టం పెట్టగానే బిగుసుకుపోతుంది. దాంతో కుస్తీ పట్టే తీరిక మాకు లేదు. ఇక్కడ ఆడవాళ్లందరికీ గజ్జల్లోంచే."

"గజ్జల్లోంచి చేస్తే రక్తం ఎక్కువ పోయేదీ ఆడవాళ్లకేనట కదా? మా వదిన అలాగే పోయింది. పరుపు తడిసిపోయేదాకా ఒక్కళ్లూ దుప్పటి ఎత్తి చూడలేదు. అవతల మగాళ్లు చూడండి, చేతికి పట్టీ కట్టించుకుని దర్జాగా పేపర్లు చదువుకుంటున్నారు!"

"డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. పాలవాణ్ణి అడగనుగా!"

డాక్టరు బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ విసురులో అమ్మ మంచం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

కూతురికి ఒళ్లు మండిపోయింది.

"ఏమ్మోయ్ గయ్యాళీ! నీ నోటి దురదకి మా అమ్మని చూడకుండానే పోయాడాయన. మా అమ్మకేమన్నా అయిందో, నీ అంతు చూస్తా!"

"నా అంతు తర్వాత చూద్దువుగాని. ముందు మీ అమ్మ దుప్పటి ఎత్తి చూడు."

"నీ పని నువ్వు చూసుకో!"

"పోనీ ఇప్పుడు కాకపోతే కాసేపాగి చూడు, పిల్లా."

"పిల్లా గిల్లా అన్నావంటే తెర చించుకుని వస్తా!"

"వదిలెయ్యవే," అంది అమ్మ నీరసంగా. "నడుం ఒకటే లాగుతోంది. గొంతు కూడా ఆరిపోతోంది. కాసిని వేడి నీళ్లు తెచ్చిపెట్టు."

కూతురు ఫ్లాస్కు తీసుకుని వెళ్లింది. పంతం కొద్దీ దుప్పటి మాత్రం ఎత్తలేదు.

నీళ్లతో తిరిగి వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

అమ్మ మీదికి ఎవరో ఆడమనిషి వంగి ఉంది. తల మీదుగా ముసుగు కప్పుకుంది. కాళ్లకు చెప్పుల్లేవు. చెయ్యి అమ్మ దుప్పటి కిందికి పోయింది.

ఇసుక సంచి పక్కకి తోసేసి ఉంది.

అమ్మ కళ్లు తేలేస్తోంది.

"ఎవత్తివే నువ్వు? సంచి తీశావేంటే? చెయ్యి తియ్!"

"నర్సుని పిలు." ఆ మనిషికి గొంతు పెగలడం లేదు.

"ముందు చెయ్యి తియ్!"

"తీస్తే మీ అమ్మ దక్కదు."

బెదిరిస్తోందనుకుంది కూతురు. జబ్బ పట్టుకుని లాగింది. ఫ్లాస్కుతో వీపు మీద కొట్టింది. రెండు దెబ్బలు పడ్డా ఆ మనిషి కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేసి, ఒంటి బరువంతా మోపి నొక్కింది.

"కొట్టు. కాకపోతే కొంచెం గట్టిగా అరుస్తూ కొట్టు. ఎవరన్నా వస్తారు."

ఆ గోలకి నర్సు పరిగెత్తుకొచ్చింది. దుప్పటి ఎత్తింది. పరుపంతా ఎర్రగా ఉంది.

నర్సు ఆ చేతులు తప్పించి తన చేతులు నొక్కిపెట్టి, "డాక్టరు! డాక్టరుగార్ని పిలవండి!" అని కేక పెట్టింది. ఆయా కూతుర్ని బయటికి నెట్టి తలుపు మూసేసింది.

"ముసుగేసుకున్న ఒకతె బయటికొస్తుంది. వదలకు, అది మా అమ్మని చంపబోయింది," అని కాపలావాడికి చెప్పి, కూతురు తనూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఎవరో రోగిని స్ట్రెచర్ మీద పరుగు పరుగున తీసుకుపోయారు. కూతురు పక్కకి తప్పుకుంది గానీ అటు చూడలేదు. ఆమె కళ్లు ముసుగు మనిషి కోసమే వెతుకుతున్నాయి.

చివరికి డాక్టరు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మీ అమ్మకి గండం గడిచింది. గాటు దగ్గర లోపలా బయటా రక్తం పోయింది. సంచి బరువుకి ఆగేది కాదది. నర్సు వచ్చేదాకా ఎవరో చేత్తో నొక్కి పట్టుకున్నారు కాబట్టి బతికింది."

కూతురి చేతిలోంచి ఫ్లాస్కు జారిపోయింది.

"ఏదీ ఆవిడ?"

"ముసుగేసుకున్న వాళ్లెవరూ బయటికి రాలేదమ్మా," అన్నాడు కాపలావాడు.

కూతురు లోపలికి పరిగెత్తింది. అమ్మ కళ్లు తెరిచి ఉంది.

"అమ్మా, నిన్ను పట్టుకున్నావిడ ఎటు పోయింది? కాళ్ల మీద పడతాను."

"తెర తియ్యవే."

"ఆ గయ్యాళి మొహం ఇప్పుడెందుకమ్మా?"

"తియ్యి."

తీసింది. ఆయా నేల మీద నెత్తురు తుడుస్తోంది.

"ఆపరేషన్ గదికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది," అంది తలెత్తకుండా.

ఖాళీ మంచం తలాపున, ఆవిడ తన గాటు మీంచి తన చేత్తోనే తీసి పక్కన పెట్టుకున్న ఇసుక సంచి ఉంది.

— బుల్లెమ్మ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది చెల్లెలి ఇంట్లో, మేడ మెట్ల పక్క గదిలో.