వైరు పీకేముందు

కంప్యూటర్ నుంచి వైరు పీకేముందు ఆంప్లిఫయర్ ఆపాలి. లేకపోతే బాక్సులు ధబ్బుమంటాయి. ఇంకోచోట అయితే జనం ఉలిక్కిపడి నవ్వుకుంటారు; మా జమ్మలమడుగులో ముందు నేలమీద పడుకుంటారు, నవ్వడం ఆ తర్వాత.

పెద్దసుబ్బమ్మ కొడుకు ఎన్నికల గొడవల్లో బాంబు దెబ్బకు పోయాడు. సంతాపసభలో మైకుసెట్టు మునెయ్య కంప్యూటర్లోంచి వాడి పాత ప్రసంగం వినిపించాడు.

"ఇంగొకసారి ఏయప్పా. ఎంత బాగా మాట్లాడతాండాడో," అంది పెద్దసుబ్బమ్మ.

"పార్టీ పెద్దాయన వచ్చినాడు పెద్దమ్మా. ఈ వైరు ఆయప్ప మైకుకు పెట్టల్ల," అంటూ మునెయ్య తొందరలో ఆంప్లిఫయర్ ఆపకుండానే పీకేశాడు.

ధబ్బుమంది. పెద్దాయనతో సహా అందరూ కుర్చీల కిందికి దూరారు. సంగతి తెలిశాక, దుమ్ము దులుపుకుంటూ నవ్వబోయారు.

పెద్దసుబ్బమ్మ మాత్రం దండేసిన ఫోటో మీద బోర్లా పడి ఉంది.

"లేయొద్దు నాయనా," అంటోంది. "ఇంగోటి ఏస్తారు."