వెయ్యి టీషర్టులు

“ఇది నువ్వమ్మిన టీషర్టేనా?”

ఎస్సై నతానియేలు ప్లాస్టిక్ కవరు పైకెత్తి చూపించాడు. లోపల తడిసిన నల్లటి టీషర్టు. గుండెల మీద పసుప్పచ్చ అక్షరాల్లో ‘ఏటిగట్టు’. మెడ వెనక అచ్చేసిన ఫోన్ నంబరు విఠల్‌ది. ఆ నంబరుకే పొద్దున స్టేషన్ నుంచి కబురొచ్చింది.

“మా బ్రాండేనండీ” అన్నాడు విఠల్. మార్చురీ వరండా అంతా ఫినాయిలు వాసన.

“బందరు కాలవలో తేలిన శవం మీదిది. నాలుగు రోజులు నానింది. మొహం గుర్తుపట్టేలా లేదు, జేబులో ఏమీ లేవు. మాకిదొక్కటే ఆధారం. ఇట్టాంటిది ఇంకోటుంటే తెప్పించు, పక్కన పెట్టి చూద్దాం.”

“స్టాకు పెట్టమండీ. ఆర్డరు వచ్చాకే ప్రింటేయిస్తాం. ఒక్కటి అడిగినా సరే, వేసి కొరియర్లో పంపేస్తాం.” కొనేవాళ్లకి చెప్పే మాట అలవాటు కొద్దీ నోటికొచ్చేసింది. వెంటనే సిగ్గేసింది. అయినా ఆగలేక, “సార్, పేపర్లో మా బ్రాండు పేరు రాకుండా చూడండి. మొదలెట్టి నెల కూడా కాలేదు” అని గొణిగాడు.

“ముందు లోపల పడుకున్నోడి పేరు తెలియనీవయ్యా. నీ బ్రాండు పేరు తర్వాత చూద్దాం.”

బెంచీ మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. పేరు రత్తయ్య. కొండపల్లి థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు కూలీ. కనపడకుండా పోయిన కొడుకు కోసం నాలుగు రోజులుగా తిరుగుతున్నాడు. ఇల్లు కదిలినప్పుడు ఆ కొడుకు ఒంటి మీదున్నది ఇలాంటి టీషర్టే.

“బాబూ, ఇయ్యి అమ్మేది మీరేనా?” అంటూ విఠల్ రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఎస్సైగారు మా బాబీయే అయ్యుంటాడంటన్నారు. పక్కింటి పిల్ల ఫోన్లో మీ పేజీ చూపిచ్చింది. నెల తిరక్కుండానే వెయ్యిమంది కొన్నారని రాశారంట గదా? వెయ్యిమంది ఏసుకుని తిరగతా ఉంటే, లోపలున్నోడు మావోడే అని ఎట్టంటారు? మీరు చెప్పండి బాబూ. ఆ వెయ్యి మాట నిజమేనా?”

విఠల్ ఎస్సై వైపు చూశాడు. ఆయన కూడా జవాబు కోసమే చూస్తున్నాడు. పెద్దాయన చేతులు వదల్లేదు. గరుకుగా, చల్లగా ఉన్నాయి ఆ చేతులు.

“నిజమేనండీ” అన్నాడు విఠల్. “ఇంకా ఎక్కువే.”

రత్తయ్య గోడకి చేరగిలబడ్డాడు. అక్కణ్ణించే భార్యకి ఫోన్ కలిపాడు.

“ఏడవమాకమ్మా. మనోడు కాదు. వెయ్యిమందికి పైనే కొన్నారంట, అమ్మిన బాబే చెప్పాడు. ఆ... వచ్చేస్తన్నా. నువ్వు లేచి రెండు ముద్దలు తినమ్మా, నాలుగు రోజులాయె.”

కండువాతో మొహం తుడుచుకున్నాడు. విఠల్‌కి దణ్ణం పెట్టి గేటు వైపు గబగబా నడిచాడు.

ఎస్సై నిట్టూర్చి కుర్చీలో కూర్చున్నాడు. “సరే. వెయ్యి కాకపోతే రెండు వేలు. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేయిస్తా. ఎత్తనివాళ్ల ఇళ్లకి మనిషిని పంపిస్తా. కొన్నవాళ్ల లిస్టు చూపించు.”

“సాయంత్రానికి పంపిస్తాను సార్.”

“ఫోన్లోనే ఉంటుందిగా? ఇప్పుడే తియ్యి.”

విఠల్ ఆర్డర్ల పేజీ తెరిచి, తల ఎత్తకుండా ఫోన్ అందించాడు.

ఎస్సై తెరను వేలితో పైకి తోశాడు. మళ్లీ తోశాడు. తెర కదల్లేదు. అందులో ఉన్నది ఒక్కటే పేరు. బాబీ, కేరాఫ్ రత్తయ్య, కొండపల్లి.